లేత్ గొంతు మారితే ఎక్కడ వెతకాలి?

"మేస్త్రీ, నిన్నటిలా లేదు. లోపల గరగరమంటోంది" అన్నాడు మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు. ఎనిమిదడుగుల ఆల్ గేర్డ్ లేత్ అది. స్పీడు పెంచితే హెడ్‌స్టాక్ నిండా రొద, తగ్గిస్తే సద్దు. స్పిండిల్ బేరింగులు పోయాయని అందరం ఒక్కమాటగా తేల్చేశాం. మూడు రోజులు పని ఆపి, మూత విప్పి, స్పిండిల్ బయటికి లాగాం. రోలర్లు అద్దంలా ఉన్నాయి. మళ్ళీ ఎక్కించి, ఎందుకైనా మంచిదని నట్టు కాస్త గట్టిగానే బిగించాం. రొద పోలేదు. పైగా అరగంట తిరిగేసరికి ముందు బేరింగు మీద చెయ్యి ఆనించలేనంత వేడి. అసలు సంగతి నాలుగో రోజు ఎడమవైపు తలుపు వెనుక దొరికింది. ఛేంజ్ గేర్ల మధ్యనుండే ఐడ్లర్ గేరు బుష్ నూనె చుక్క లేక ఎండిపోయి, కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోయింది. గన్‌మెటల్ ముక్కతో కొత్త బుష్ తిప్పి వేయడానికి పట్టింది గంట.

ఆ మూడు రోజులు ఊరికే పోలేదు. లేత్‌లో వింత చప్పుడు, చెయ్యి తిప్పితే బిగుతు, ఈ రెండింటి గురించి మేస్త్రీలు చెప్పేదీ, పుస్తకాలు చెప్పేదీ, ఇప్పటి కొలత పరికరాలు చెప్పేదీ పక్కపక్కన పెట్టి చూడాలన్న పట్టుదల అప్పుడే పుట్టింది. మన షెడ్లలో ఇది చిన్న విషయం కాదు. బాలానగర్‌లోనైనా విజయవాడ ఆటోనగర్‌లోనైనా తిరిగే లేతులు చాలావరకు సెకండ్ హ్యాండువి. 1953లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వారి ఎన్‌హెచ్22, ఎన్‌హెచ్26 లాంటి బరువైన మెషీన్లు కొన్ని, రాజ్‌కోట్ నుంచీ బటాలా నుంచీ వచ్చిన తేలికైనవి కొన్ని. మెషీన్ వయసు దాన్ని నడిపే టర్నర్ వయసు కంటే ఎక్కువ. దాంతోపాటు వచ్చిన పుస్తకం ఎప్పుడో పోయి ఉంటుంది.

ఈ విషయం మీద మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది చెవి దారి. స్క్రూడ్రైవర్ మొన బేరింగు గూటి మీద, పిడి చెవి కింది ఎముక మీద ఆనించి వినే పెద్దలది. రెండోది డయల్ గేజి దారి. బెర్లిన్‌లో ఆచార్యుడుగా ఉన్న గేయార్గ్ ష్లెసింగర్ 1927లో మెషీన్ టూల్స్ పరీక్షకు హద్దులు రాసిపెట్టాడు. స్పిండిల్ ముక్కు దగ్గర ఊగు 0.01 మిల్లీమీటరు దాటకూడదన్నలాంటి లెక్కలు అక్కడి నుంచి సాగి, ఈనాటి ఐఎస్ఓ 1708 ప్రమాణంలోనూ కనిపిస్తాయి. మూడోది కంపనాల విశ్లేషణ. సెన్సర్ అతికించి, వచ్చే చప్పుడు సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కగట్టి, ఏ భాగం చెడిందో చెప్పే పద్ధతి.

వీటిని ఒకదానికొకటి పోటీగా చూడటం పొరపాటని నా అభిప్రాయం. చప్పుడు ఎటునుంచి వస్తోందో చెవి చెబుతుంది. చెడింది ఎంతో డయల్ చెబుతుంది. చెడిన భాగం ఏదో లెక్క చెబుతుంది. మూడింటికంటే ముందు కావలసింది ఇంకొకటుంది, అదే విడదీయడం. పోత ఇనుము చప్పుడును బాగా మోస్తుంది. ఎడమ చివర పుట్టిన రొద చక్ దగ్గర వినిపిస్తుంది. వినిపించిన చోటే విప్పితే మాకు జరిగిందే జరుగుతుంది.

విడదీయడం ఇలా. ముందు బెల్టులు తీసేసి మోటారు ఒక్కదాన్నే తిప్పాలి. చప్పుడు అక్కడే ఉంటే లేత్ జోలికే వెళ్ళనక్కర్లేదు. నిశ్శబ్దంగా ఉంటే బెల్టులు వేసి, క్లచ్ విడిచి తిప్పాలి. ఇప్పుడు తోడైంది పుల్లీ, హెడ్‌స్టాక్‌లోకి వెళ్ళే మొదటి షాఫ్టు. ఆ తర్వాత క్లచ్ వేసి స్పిండిల్ తిప్పాలి, కానీ ఫీడ్ వైపు వెళ్ళే టంబ్లర్ గేరును మధ్యలో, ఏ పంటికీ తగలకుండా ఉంచాలి. తర్వాత టంబ్లర్ వేయాలి, తర్వాత లీడ్ స్క్రూ, తర్వాత ఫీడ్ రాడ్, అన్నిటికంటే చివర కటింగ్. ఒక్కో మెట్టులో ఒక్కటే కలపాలి. ఏ మెట్టులో చప్పుడు పుట్టిందో అప్పుడు కలిపిన భాగమే మొదటి ముద్దాయి. మేం ఆ రోజు టంబ్లర్ లివర్ మధ్యకు తెచ్చి ఒక్క నిమిషం విని ఉంటే స్పిండిల్ ఊడదీసే పనే ఉండేది కాదు. ఇదంతా మూతలూ తలుపులూ మూసి చేయాల్సిన పని. తిరిగే గేర్ల దగ్గర వేలు పెట్టి, బనీను చేతులు వేలాడేసుకుని వినకూడదు.

ఇంకో రెండు పరీక్షలకు పైసా ఖర్చు లేదు. పూర్తి స్పీడులో ఉండగా మెయిన్ ఆపేయండి. రొద ఆ క్షణమే తెగిపోతే అది కరెంటుది. స్పిండిల్‌తోపాటు మెల్లగా దిగుతూ పోతే అది గేర్లదో బేరింగులదో. రెండోది, స్పీడు మార్చి చూడటం. స్పీడుతోపాటు చప్పుడు స్వరం కూడా పైకి వెళితే అది తిరిగే భాగాలది. స్పీడు ఎంత మార్చినా ఒకే శ్రుతిలో గుయ్యిమంటే మోటారు లామినేషన్లదో, కాంటాక్టరుదో, లేదంటే కటింగ్‌లో వచ్చే చాటరింగ్‌దో అయి ఉంటుంది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద మోటారు గుయ్యి సెకనుకు 100 కంపనాలది.

టర్నర్లు వాడే మాటల్లోనే సగం రోగనిర్ణయం ఉంది. టకటక అన్నారంటే తిప్పుకోసారి ఏదో తగులుతోందని అర్థం. విరిగిన పన్ను, వదులైన కీ, అతుకు లేచిన బెల్టు. 300 ఆర్‌పీఎం దగ్గర స్పిండిల్ గేరులో ఒక్క పన్ను చెడితే సెకనుకు 5 టకలు వినిపిస్తాయి, చేతి గడియారం పెట్టుకుని లెక్కపెట్టవచ్చు. అదే గేరుకు 40 పళ్ళుండి అన్నీ సమంగా అరిగితే సెకనుకు 200 తాకిళ్ళు, అంటే ఒకే బిగిని ఏడుపు. గరగర అంటే బేరింగు. కీచుమంటే పొడిబారిన రాపిడి, ఎక్కువగా బెల్టో, సెంటరో. దడదడ అంటే బరువు ఒక పక్కకు ఉన్నట్టు. ఫోర్ జా చక్‌లో ఓరగా పట్టిన జాబు స్పీడు రెట్టింపైతే నాలుగింతల బలంతో మెషీన్‌ను కుదుపుతుంది. దడదడ వినగానే ముందు జాబునీ, ఆ తర్వాత లేత్ కాళ్ళ కింద బోల్టులనీ చూడాలి. ఒక్క కాలు నేలకు సరిగా ఆనకపోయినా నిండు మెషీన్ వణుకుతుంది.

మోటారు, బెల్టుల సంగతి త్వరగా తేలేదే. మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఆగి ఉన్న మోటారు గుయ్యిమంటూ కదలదు. తిరుగుతున్నదైతే మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది, కోత పెట్టగానే చతికిలబడుతుంది. లేత్ బిగుసుకుందని చాలామంది పొరబడేది ఇక్కడే. ఫీడర్ చివర ఉన్న ఊళ్ళలో సాయంత్రం వోల్టేజీ పడిపోతే ఇంకో చిక్కు. మోటారు బలం వోల్టేజీ వర్గంతోపాటు తగ్గుతుంది, పది శాతం వోల్టేజీ పోతే దాదాపు ఐదో వంతు బలం పోయినట్టే. వీ బెల్టులు వేసేటప్పుడు సెట్టుగా మార్చాలి. పాతవాటి పక్కన కొత్తది ఒకటి వేస్తే ఆ ఒక్కటే బరువంతా మోస్తుంది, మిగతావి జారి కీచుమంటాయి. బిగువు చూడటానికి బెల్టు మధ్యలో మామూలు బలంతో నొక్కితే 100 మిల్లీమీటర్ల పొడవుకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు దిగాలి. అంతకంటే తీగలా బిగిస్తే మోటారు బేరింగు గోల మొదలవుతుంది.

ఛేంజ్ గేర్ల విషయంలో మన దగ్గర ఒక చెడ్డ అలవాటుంది. మర లేని మామూలు టర్నింగ్‌లో, ఫీడ్ కూడా వేయనప్పుడు, టంబ్లర్‌ను ఊరికే కలిపి ఉంచి రోజంతా తిప్పడం. ఆ గేర్లు పెద్ద స్పీడుకు కాదు, వాటి బుష్‌లకు చేత్తో నూనె పోయాలి, పోసేవాళ్ళు తక్కువ. గేరు మార్చి క్వాడ్రంట్ బిగించేటప్పుడు పళ్ళు పూర్తిగా లోపలికి నెట్టేస్తే ఏడుపూ వస్తుంది, బిగుతూ వస్తుంది. పాత ఉపాయం ఎంతో మేలైనది. వార్తాపత్రిక చీలిక రెండు పళ్ళ మధ్య పెట్టి, నొక్కి బిగించి, చేత్తో తిప్పి కాగితాన్ని బయటికి తీయాలి. నలిగి రావాలి, తెగకూడదు.

ఇక స్పిండిల్ బేరింగులు. ఇక్కడ నిదానం కావాలి. చక్ తీసేసి, గేర్లు న్యూట్రల్‌లో పెట్టి, వేళ్ళతో స్పిండిల్ తిప్పాలి. చక్ ఉంటే దాని బరువుకు సన్నటి గరుకు చేతికి తెలియదు. వేళ్ళకు ఇసుక తగిలినట్టుంటే బేరింగు దారుల్లో గుంటలు పడినట్టు. తర్వాత స్పిండిల్ ముక్కు మీద డయల్ ఆనించి, కింద చెక్క దన్నుగా పెట్టి ఒక కడ్డీతో పైకి ఎత్తి చూడాలి. బుష్ బేరింగుల లేత్ అయితే 0.025 మిల్లీమీటరు దగ్గర కదలిక ఉండటం మామూలే. టేపర్ రోలర్లు ఉన్నదానికి అంత కదిలితే ఎక్కువ. డయల్ కాలు హెడ్‌స్టాక్ మీదే నిలపాలి. బెడ్ మీద నిలిపితే హెడ్‌స్టాక్ ఒంపు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

కదలిక ఉందని తేలితేనే నట్టు జోలికి వెళ్ళాలి. ఆ నట్టుకు 2 మిల్లీమీటర్ల పిచ్ ఉందనుకుందాం. పది డిగ్రీలు తిప్పితే స్పిండిల్ సుమారు 0.055 మిల్లీమీటరు లోపలికి వస్తుంది. అంటే పానాతో "కాస్త" తిప్పడమంటే బేరింగును నలిపేయడమే. నట్టు మీద, షాఫ్టు మీద మార్కరుతో గీత గీసి, నాలుగైదు డిగ్రీల చొప్పున జరిపి, ప్రతిసారీ గంటసేపు తిప్పి చెయ్యి ఆనించి చూడాలి. చెయ్యి పెట్టి కాసేపు ఉంచగలిగేంత వెచ్చదనం ఫరవాలేదు. చెయ్యి వెనక్కి లాక్కోవాల్సి వస్తే చివరగా జరిపినదాంట్లో సగం వెనక్కి ఇవ్వాలి. చాలా హెడ్‌స్టాకుల్లో చల్లగా ఉన్నప్పటి బిగువు వేడెక్కాక ఇంకా పెరుగుతుంది. మాకు అరగంటలో జరిగింది అదే. మా ఆత్రం ఆ బేరింగు ఆయుష్షులో ఎంత తినేసిందో ఇప్పటికీ బాధగా ఉంటుంది.

బేరింగులు అకాలంగా పోవడానికి మన షెడ్లలో ఒక కారణం ఎవరూ గట్టిగా చెప్పరు. చక్‌లో పట్టిన జాబుకు అక్కడే వెల్డింగ్ పెట్టి, ఎర్త్ క్లిప్పు తెచ్చి బెడ్‌కు తగిలిస్తారు. ఆ కరెంటు మొత్తం స్పిండిల్ బేరింగుల గుండానే పోవాలి. రోలరు దారికి తాకిన చోటల్లా సూది మొనంత మంట, సూది మొనంత గుంట. రెండు నెలలకు గరగర మొదలవుతుంది. వెల్డింగ్ తప్పదనుకుంటే ఎర్త్ జాబుకే తగిలించాలి. తీసి బయట పెట్టుకోవడం అంతకంటే మేలు.

నూనె గురించీ ఒక మాట. చప్పుడు తగ్గుతుందని హెడ్‌స్టాక్‌లో లారీ గేర్ బాక్సుకు పోసే 90 నంబరు నూనె పోస్తారు. తగ్గుతుంది కూడా, చిక్కటి నూనె గేర్ల గొంతు నొక్కుతుంది. కానీ చాలా లేత్ హెడ్‌స్టాకులకు కావలసింది వీజీ 32 నుంచి 68 లోపు పలచటిది. 90 నంబరు దానికి రెండింతల పైనే చిక్కన. సన్నటి రంధ్రాల గుండా బేరింగుకు చేరదు, గేర్లు దాన్ని చిలుకుతూ వేడెక్కుతాయి, క్లచ్ ప్లేట్లు అంటుకుపోతాయి. క్లచ్ విడిచినా చక్ మెల్లగా తిరుగుతూనే ఉండటానికి ఇదొక కారణం, ప్లేట్ల సర్దుబాటు తప్పడం రెండోది. పైగా కొన్ని గేర్ ఆయిళ్ళలో కలిపే గంధకపు మందులు కంచు బుష్‌లను తినేస్తాయి. నూనె మార్చేటప్పుడు పాతదాన్ని తెల్ల గుడ్డ మీద పోసి ఎండలో చూడండి. బంగారు రంగు మెరుపు కనిపిస్తే ఏదో బుష్ అరుగుతోంది. అయస్కాంతానికి అంటుకునే పొలుసులు కనిపిస్తే గేరో, బేరింగో.

బిగుతు వ్యవహారంలో నేను ఎక్కువ సేపు ఆగాలనుకునేది క్యారేజ్ దగ్గర. హ్యాండిల్ బరువుగా ఉందని ఎవరైనా అంటే ముందు ఎక్కడ బరువుగా ఉందో అడగాలి. బెడ్ ఈ చివర నుంచి ఆ చివరకు క్యారేజ్ నడిపి, ప్రతి 200 మిల్లీమీటర్లకూ హ్యాండిల్‌కు స్ప్రింగు తక్కెడ కట్టి లాగి, అంకె రాసుకోండి. అన్నిచోట్లా ఒకేలా బరువుంటే లాకు బోల్టు కొంచెం పట్టి ఉందేమో, గిబ్ బిగిసిందేమో, వైపర్ ఫెల్టు కింద పోత ఇనుప పొడి ముద్దకట్టిందేమో చూడాలి. చక్ దగ్గర హాయిగా నడిచి టెయిల్‌స్టాక్ వైపు బిగుసుకుంటే అది గిబ్ తప్పు కాదు. ఏళ్ళ తరబడి పనంతా చక్ దగ్గరే జరిగి బెడ్ అక్కడ అరిగింది. అరిగిన చోట గిబ్ సరిపెట్టారు, అరగని చోట అది ఉరిలా బిగుస్తోంది. మందు బెడ్ స్క్రేపింగో గ్రైండింగో. అంతవరకు బిగుతు ఎక్కువున్న చోట సరిపెట్టుకుని, చక్ దగ్గరి వదులును ఓర్చుకోవాలి.

హ్యాండిల్ తిప్పుకోసారి ఒకే చోట పట్టేస్తే ర్యాక్ పంటిలో చిప్పో, పినియన్ షాఫ్టు ఒంపో. హాఫ్‌నట్ వేసినప్పుడే బిగుసుకుంటే లీడ్ స్క్రూ మీదకు చూపు మళ్ళించాలి. బెడ్ మధ్యలో బాగానే ఉండి రెండు చివర్లలో బిగిస్తే హాఫ్‌నట్ ఎత్తూ స్క్రూ ఎత్తూ కలవడం లేదన్నమాట. మధ్యలో పొడుగాటి స్క్రూ కొంచెం ఒంగి సర్దుకుంటుంది, చివర్లలో బ్రాకెట్ దాన్ని ఒంగనీయదు. క్రాస్ స్లైడ్‌లోనూ ఇదే సూత్రం, నట్టు బ్రాకెట్‌కు దగ్గరయ్యేకొద్దీ బిగిస్తే ఎత్తులు కలవనట్టే. ఈ ఒక్క పరీక్ష తెలియక అప్రాన్ మొత్తం విప్పినవాళ్ళను చూశాను.

టెయిల్‌స్టాక్ సెంటరుది వేరే కథ, అది పని మధ్యలో పుట్టే బిగుతు. అర మీటరు ఉక్కు షాఫ్టు కోత వేడికి 40 డిగ్రీలు పెరిగితే దాని పొడవు దాదాపు 0.24 మిల్లీమీటరు పెరుగుతుంది. రెండు సెంటర్ల మధ్య ఆ పొడవుకు చోటేదీ? డెడ్ సెంటరైతే కీచుమని అరుస్తుంది, మొన నీలమవుతుంది. రివాల్వింగ్ సెంటరైతే దాని బేరింగూ, స్పిండిల్ బేరింగులూ మౌనంగా బాధపడతాయి. పొడవాటి జాబు మీద ప్రతి కోతకూ ఒకసారి క్విల్ వదిలి మళ్ళీ తగిలించడం మంచి టర్నర్ చేతి అలవాటు.

చాటరింగ్ గురించి చదవడానికి చాలా ఉంది. ఇంజనీరు ఎఫ్. డబ్ల్యూ. టేలర్ 1906లో లోహం కోత మీద తన ప్రసంగంలోనే దాన్ని టర్నర్ ఎదుర్కొనే సమస్యల్లో అంతుచిక్కనిదిగా ఎంచాడు. టూలు తాను కిందటి తిప్పులో వదిలిన అలనే మళ్ళీ కోస్తూ కదలికను పెంచుకుంటుందన్న వివరణ 1950ల్లో పరిశోధకులు తోబియాస్, ట్లుస్టీల చేతుల్లో స్థిరపడింది. షెడ్డులో కావలసింది ఒక్క పరీక్షే. జాబు చుట్టూ పడిన గీతలు లెక్కపెట్టి, స్పీడు మార్చి మళ్ళీ కోసి లెక్కపెట్టండి. గీతల సంఖ్య మారితే చాటరింగ్. మారకపోతే స్పిండిల్ గేరు పళ్ళ ముద్ర. చాటరింగ్ అయితే టూలు బయటికి ఎంత వచ్చిందో చూడాలి. ఆ పొడవు రెట్టింపైతే ఒంపు ఎనిమిది రెట్లు.

కంపనాల విశ్లేషణ మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆల్ గేర్డ్ హెడ్‌స్టాక్‌లో పది గేర్లూ డజను బేరింగులూ ఒకేసారి మాట్లాడతాయి. మోటారు లాంటి ఒంటరి భాగం మీద అది గొప్పగా పనిచేస్తుంది. 1440 ఆర్‌పీఎం మోటారులో 9 బాల్స్ ఉన్న బేరింగు బయటి రింగు చెడితే సెకనుకు సుమారు 86 తాకిళ్ళు. ఫోనులోని స్పెక్ట్రం యాప్‌లో ఆ చోట ముల్లు లేస్తుందేమో చూడవచ్చు. హెడ్‌స్టాక్ మీద మాత్రం విడదీశాకే దాన్ని నమ్ముతాను. బిగుతును క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూసి తేల్చే పద్ధతి నాకు అసలు నచ్చదు. ఉత్తగా తిరిగే మోటారు తీసుకునే ఆంపియర్లలో ఎక్కువ భాగం అయస్కాంతం నిలపడానికే పోతుంది. బేరింగు బిగుసుకున్నా ముల్లు పెద్దగా కదలదు. చూడాల్సింది వాట్లు.

దానికంటే తేలికది ఆగే సమయం. నూనె వేడెక్కాక, ఒకే స్పీడులో, చక్ ఖాళీగా తిప్పి, క్లచ్ వేసే ఉంచి, మోటారు బటన్ ఆపాలి. లివర్ మధ్యకు తెస్తే చాలా మెషీన్లలో బ్రేకు పడి లెక్క తప్పుతుంది. స్పిండిల్ పూర్తిగా నిలిచేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. ఒక్కసారి చూసిన అంకెకు అర్థం లేదు, నెలనెలా రాసుకుంటేనే అది మాట్లాడుతుంది. మా లేత్ ఎడమ తలుపు లోపలి వైపు ఇప్పుడు తెల్ల పెయింటుతో ఒక పట్టీ ఉంది. తేదీ, సెకన్లు, ముందు బేరింగు వెచ్చదనం, ఐడ్లర్ బుష్‌కు నూనె పోసిన వారం. ఆ తలుపు తీస్తేగానీ పట్టీ కనపడదు, తీశాక నూనె పోయకుండా మూయలేరు. రాసే పని ఆ కుర్రాడిదే.